పెన్నకు ఉత్తరాన మా కొడవలూరు

మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైన చోటు రైలుకట్ట. కొండా గుట్టా లేని బల్లపరుపు నేల మాది. కట్టెక్కి చూస్తే పడమర నార్త్‌రాజుపాలెం వైపు పెద్దరోడ్డు దాకా, తూర్పున విడవలూరు మీదుగా సముద్రం దిక్కుకు, చూపు ఆనినంత మేరా వరి కయ్యలే. గట్ల మీద తాటిచెట్లు, కయ్యల నడుమ కాలవలు, అక్కడక్కడా రైసుమిల్లు పొగగొట్టాలు. జిల్లా పడమటి అంచున వెలికొండలున్నాయని, ఉదయగిరి దుర్గం కొండ మీద ఉందని బళ్ళో చదువుకున్నాం. కానీ మా కాళ్ళు ఎక్కిన ఎత్తు ఆ కట్ట ఒక్కటే.

ఉత్తరానికి పోయే పట్టాలు తలమంచి, అల్లూరు రోడ్డు స్టేషన్లు దాటి బిట్రగుంటకు చేరేవి. దక్షిణానికి పోయేవి పడుగుపాడు దాటి, పెన్న వంతెనెక్కి నెల్లూరులో దిగేవి. మద్రాసు నుంచి కలకత్తాకూ ఢిల్లీకీ పోయే బళ్ళకు దారి మా ఊరి మీదుగానే. జీటీ, కోరమాండల్, తమిళనాడు, ఈ పేర్లు మాకు ఎక్కాల కంటే ముందు కంఠతా వచ్చాయి. అవేవీ మా స్టేషన్లో ఆగేవి కావు. ఆగేది ప్యాసింజరు. 1980 నాటికే ఆ లైనుకు కరెంటు వచ్చేసింది. బొగ్గు ఇంజన్ల సంగతులు మాకు తాత నోటి నుంచి విన్నవే. బిట్రగుంటలో అంత పెద్ద ఇంజన్ల షెడ్డు ఉండేదనీ, ఆ ఊరు బతుకంతా రైలుదేననీ ఆయన చెబుతుంటే ఎన్నిసార్లయినా వినేవాళ్ళం.

నెల్లూరు మాకు ఇరవై కిలోమీటర్ల లోపే. అంత దగ్గర్లో పట్నం ఉన్న ఊళ్ళో పెరగడం ఒక ప్రత్యేకమైన పెంపకం. మారుమూల పల్లెలో పిల్లలకు పట్నం కథల్లోనే ఉంటుంది. పట్నంలో పుట్టిన పిల్లలకు పల్లె సెలవుల్లోనే ఉంటుంది. మాకు రెండూ రోజూ ఉండేవి. పొద్దున బర్రెను కాలవకు తోలుకుపోయి, పదింటికల్లా నెల్లూరు బస్సెక్కే మనుషులు ప్రతి వీధిలోనూ కనబడేవాళ్ళు. ఎవరెదురైనా మొదటి మాట ఒకటే: “ఏందబ్బయ్యా, నెల్లూరికా?” కాదంటే రెండో మాట: “కాలవకి నీళ్ళొచ్చినాయా?” మా ఊరి లోకమంతా ఆ రెండు ప్రశ్నల్లో ఇమిడిపోయేది.

1985లో మండలాలు వచ్చినప్పుడు మాది మండల కేంద్రమైంది. అంతకు ముందు ఏ కాగితం కావాలన్నా కోవూరు తాలూకా ఆఫీసుకు పోవాల్సిందే. మండలం వచ్చాక తలమంచి, గండవరం, ఎల్లాయపాలెం, రేగడిచెలిక మనుషులు మా ఊరికి రావడం మొదలైంది. ఆఫీసు ముందు చెట్టు కింద అర్జీలు రాసిపెట్టేవాళ్ళు కూర్చునేవారు. అడంగలు కాపీ కోసం, రేషన్‌కార్డు కోసం వచ్చినవాళ్ళు పొద్దుగూకేదాకా కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. టీ అంగళ్ళు రెండు పెరిగాయి. జీపు వస్తే చాలు పిల్లలమంతా వెనకాల పరిగెత్తేవాళ్ళం. ఒక ఊరికి ఆఫీసు వస్తే ఆ ఊరి నడకే మారిపోతుందని అప్పుడు చూశాను. పక్క ఊరి మనిషి మన ఊళ్ళో ఒక పూట గడిపితే వాళ్ళ కష్టం మనకు తెలుస్తుంది. మా వీధి అరుగుల మీద మంచినీళ్ళ చెంబులు పెట్టడం ఆ రోజుల్లోనే అలవాటైంది.

ఇక నీళ్ళ సంగతి. మా ఊరి పిల్లలకు భూగోళం పుస్తకంలో మొదలు కాలేదు, కాలవలో మొదలైంది. పెన్న మీద సంగం దగ్గర ఆనకట్ట 1886లో పూర్తయింది. అక్కడ మళ్ళిన నీళ్ళు బుచ్చిరెడ్డిపాలెం దగ్గరి కనిగిరి రిజర్వాయరుకు చేరతాయి. కనిగిరి పట్టణం వేరు, ఈ కనిగిరి వేరు. మా పక్క రైతులు “కనిగిరి నిండిందంట” అంటే ఆ మాటకు ఇంట్లో పెద్దల ముఖాలు విచ్చుకునేవి. ఆ రిజర్వాయరు నుంచి బయల్దేరిన కాలవలే కోవూరు, కొడవలూరు, విడవలూరు కయ్యలన్నిటినీ తడుపుతాయి. పైన సోమశిల కట్టాక, ఎనభయ్యో దశకం చివరి నుంచి, పెన్న నీళ్ళకు ఒక భరోసా వచ్చింది. 78 టీఎంసీల జలాశయం అది. అంతకు ముందు వానను బట్టి, ఏటిని బట్టి బతుకు.

కాలవ మీద అధికారం లస్కరుది. భుజాన తువ్వాలు, చేతిలో తూము తిప్పే ఇనప తాళం. ఆయన వస్తున్నాడంటే మా నాయన కూడా అరుగు దిగి ఎదురెళ్ళేవాడు. వంతు వచ్చిన రాత్రి నాయన పార భుజాన వేసుకుని, లాంతరు నా చేతికిచ్చి కయ్యకు తీసుకుపోయేవాడు. “నీళ్ళ కాడ నిద్దరపోగూడదబ్బయ్యా, నిద్దరపోతే పక్కోడి మడవలోకి పోతాయి” అనేవాడు. అయినా పక్క రైతుతో తగువు పెట్టుకోవడం ఆయనకు చేతకాదు. తన కయ్య నిండాక తానే మడవ తిప్పి, అవతల గట్టు మీద కునుకుతున్న మనిషిని లేపి చెప్పి వచ్చేవాడు. న్యాయం గురించి తర్వాత చాలా పుస్తకాలు చదివాను. నాకు దాని అర్థం మొదట తెలిసింది ఆ గట్టు మీదే.

మా పంటల కాలం మిగతా ఆంధ్రాకు కాస్త తేడాగా నడుస్తుంది. మాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశం మా వైపు తిరుగుతుంది. అందుకే పెద్ద పంట చలికాలానిది. ఎండాకాలంలో నీళ్ళుంటే వేసేది ఎడగారు. ఎడగారుకు నీళ్ళిస్తారా ఇవ్వరా అని వేసవి మొదట్లో ప్రతి అరుగు మీదా చర్చే. ఇస్తారని తెలిసిన సాయంత్రం ఊరంతా ఒక్కసారిగా విత్తనాల మాట మొదలయ్యేది.

మా జేజి మొలగొలుకుల కాలం మనిషి. నెల్లూరు బియ్యానికి దేశమంతా పేరు తెచ్చిన వడ్లు అవి. కోతకు ఆరు నెలలు పట్టే పంట, నిలవ ఉంచేకొద్దీ రుచి పెరిగే బియ్యం. “పాత మొలగొలుకులు వండితే మెతుక్కి మెతుకు అంటదు, కూర లేకపోయినా కడుపు నిండుద్ది” అనేది. నా చిన్నతనానికే ఆ వడ్లు అరుదైపోయాయి. నెల్లూరు వరి పరిశోధన కేంద్రం నుంచి ఎన్నెల్లార్ రకాలు వచ్చాయి. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి, మా రైతులు బీపీటీ అని పిలిచేది, వచ్చి త్వరగా వ్యాపించింది. దిగుబడి పెరిగింది, అప్పులు తీరాయి. అందులో కాదనడానికేమీ లేదు. కానీ జేజి మాత్రం కొత్త బియ్యం అన్నం నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడంలో ఒక రుచి ఊరు విడిచి వెళ్ళిన బాధ ఉండేదని ఇప్పుడు నాకు తెలుస్తోంది.

కోతలప్పుడు బడికి వెళ్ళే దారంతా ఎండుగడ్డి వాసన. పనలు కట్టడం, కుప్ప వేయడం, కళ్ళంలో నూర్పిడి, సాయంత్రం గాలి తిరిగాక తూర్పారబట్టడం, అన్నీ చూస్తూ పెరిగాం. ధాన్యం కొలత మాకు పుట్టి. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. వేరే జిల్లా వాళ్ళకు చెబితే ఆశ్చర్యపోయేవాళ్ళు, వాళ్ళ లెక్కంతా బస్తాల్లో కాబట్టి. ఈ ఏడాది పుట్టి ఎంత పలికింది అన్నదాన్ని బట్టే మా ఇంట్లో కొత్తబట్టలు, అక్క పెళ్ళి, ఇంటిపైన మిద్దె వేయడం, అన్నీ తేలేవి. అమ్మిన వడ్లు మిల్లుకు పోయేవి. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకబెట్టే మిల్లుల పక్కన నడిస్తే ఆవిరితో కలిసిన ఒక కమ్మటి, కాస్త పులిసిన వాసన వచ్చేది. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా కాళ్ళు ఆగిపోతాయి. అక్కడి నుంచి లారీలు మద్రాసుకు పోయేవి. బస్తాల మీద నెల్లూరు బియ్యం అని ఉండేది. పండించింది మాత్రం కొడవలూరు, కోవూరు, విడవలూరు, బుచ్చి రైతులు. పేరు పట్నానిది, పంట ఊళ్ళది. దాని మీద ఎవరికీ కినుక ఉండేది కాదు. “నెల్లూరంటే మనం కూడానే గదా” అనేవాడు నాయన.

నిజంగానే నెల్లూరంటే మేమూ కలిసినట్టే ఉండేది. తెల్లారుజామున పాలక్యాన్లు సైకిళ్ళకు కట్టుకుని పోయేవాళ్ళు, కూరగాయల గంపలతో బస్సు వెనకద్దం దగ్గర నిలబడే ఆడవాళ్ళు, వీఆర్‌సీకి పోయే కాలేజీ పిల్లలు, కోర్టు వాయిదాకు పోయే పెద్దలు, అందరినీ ఒకే బస్సు మోసేది. పెన్న వంతెన మీదకు రాగానే మాటలన్నీ ఆగి తలలు కిటికీల వైపు తిరిగేవి. ఏట్లో నీళ్ళెంత ఉన్నాయో ప్రతి మనిషీ చూసుకోవాల్సిందే. పట్నంలో దిగాక ట్రంకురోడ్డు, గాంధీబొమ్మ, కనకమహల్ సెంటరు, పెద్దబజారు, చిన్నబజారు. అమ్మకు బట్టల అంగడి, నాయనకు ఎరువుల అంగడి, నాకు సినిమా పోస్టర్లు. తిరిగొచ్చేటప్పుడు నాయన తెచ్చే పొట్లంలో మలై కాజా ఉంటే ఆ రోజు పండగే.

పండగలు కూడా మాకు రెండు చోట్లా ఉండేవి. ఊళ్ళో తిరునాళ్ళు, సంక్రాంతికి గొబ్బెమ్మలు. నెల్లూరులో పెన్న ఒడ్డున ఏటి పండగ. ఎండల్లో జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాలకు బళ్ళు కట్టుకుని పోయేవాళ్ళం. మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగ. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. మా పెదనాయన కొడుక్కి ఉద్యోగం వచ్చిన ఏడాది పెద్దమ్మ తడిచీరతో చెరువులో నిలబడి రొట్టె పంచిపెట్టింది. తీసుకున్న తల్లిది ఏ మతమో, ఏ ఊరో మాకు తెలియదు. ఆమె కళ్ళకద్దుకుని తిన్న తీరు మాత్రం గుర్తుంది.

ఇంట్లో వంటంతా నేల మీదా నీళ్ళ మీదా ఆధారపడినదే. కాలవ కట్టేసినప్పుడు గుంటల్లో కొరమీనులు, జెల్లలు దొరికేవి. చింతపండు పులుసులో పుల్ల మామిడికాయ ముక్కలేసి అమ్మ మట్టిదాకలో కాచేది. పొద్దున కాచిన పులుసు రాత్రికి, రాత్రి కాచినది మర్నాటికి బాగుంటుందని మా అందరి నమ్మకం. పొద్దున పలారానికి పులిబొంగరాలు. ఇంకో జిల్లాకు పోయినవాళ్ళు మొదట అడిగేది వాటినే.

1989 నవంబరు 8 రాత్రి గురించి చెప్పకుండా ఆ కాలం గురించి చెప్పలేను. ఆ తుపాను థాయిలాండ్ సింధుశాఖలో పుట్టింది. అక్కడ చమురు తవ్వే ఓడను ముంచి, మలయా ద్వీపకల్పాన్ని దాటి, బంగాళాఖాతమంతా అడ్డంగా నడిచి మాకు ఉత్తరాన కావలి దగ్గర తీరం దాటింది. ప్రపంచం దానికి గే అని పేరు పెట్టింది, మావాళ్ళు కావలి తుపాననే అంటారు. ఆ ప్రయాణమంతా పెద్దయ్యాక తెలిసింది. ఆ రాత్రి మాకు తెలిసింది గాలి ఒక్కటే. పూరిళ్ళలోని వాళ్ళంతా మిద్దె ఇళ్ళలోకి వచ్చేశారు. మా ఇంటి నడవలో అడుగు పెట్టడానికి చోటు లేదు. ఏ కులం వాళ్ళు ఎక్కడ కూర్చోవాలన్న లెక్క ఆ రాత్రి నిలవలేదు. జేజి అందరికీ ఒకే డేక్షాలోంచి గంజి పోసింది. తెల్లారాక చూస్తే తాటిచెట్లు నడుముకు విరిగి ఉన్నాయి, కరెంటు స్తంభాలు కయ్యల్లో పడి ఉన్నాయి, పొట్ట మీదున్న వరి నీళ్ళ కింద ఉంది. నెల్లూరు అంత దగ్గరున్నా అక్కడి కబురు రావడానికి దారి లేదు. పట్టాల వెంబడి నడిచివచ్చిన గ్యాంగుమనుషులు చెప్పిందే వార్త.

ఆ తర్వాత రెండేళ్ళకు ఇంకో గాలి వచ్చింది. అది మంచిది. 1991లో జిల్లా అంతటా అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిపూట వీధిదీపాల కింద, బడి వసారాల్లో ఆడవాళ్ళు పలకలు పట్టుకుని కూర్చున్నారు. మా ఇంటి వెనక పనిచేసే పెద్దావిడ తన పేరు రాసి, ఆ పలక చెరపకుండా ఇంటికి తీసుకుపోయింది. ఆ చదువుల్లోంచే ప్రశ్న పుట్టింది: కూలి డబ్బులు ఎక్కడికి పోతున్నాయి? సారా అంగడికి. కలిగిరి మండలం దూబగుంటలో మొదలైన ఆడవాళ్ళ తిరుగుబాటు 1992లో జిల్లాను ఊపేసింది. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు, అదే ఏడాది అక్టోబరు నుంచి రాష్ట్రమంతా. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. తర్వాత అది సడలిపోయిన మాట నిజమే. కానీ కొంగు బిగించి రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్ళ ముందు ప్రభుత్వం దిగిరావడం మా తరం కళ్ళారా చూసింది. దానిని మా నుంచి ఎవరూ తీసుకోలేరు.

ఉద్యమాలు మా నేలకు కొత్త కాదని పెద్దలు చెప్పేవాళ్ళు. పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన అలగానిపాడు మాకు తూర్పున విడవలూరు మండలంలోనే. 1913లో భూస్వామి ఇంట పుట్టి, కూలీల పక్షాన నిలబడిన మనిషి. పెన్నకు అవతల పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీజీ చేతుల మీదుగా తెరిచిన పినాకిని ఆశ్రమం. మా తాత ఈ రెండు పేర్లనూ ఒకే గౌరవంతో పలికేవాడు. చిన్న ఊళ్ళోని మనిషికి కూడా దేశంతో లెక్క ఉంటుందని ఆయన నమ్మకం.

తొంభైల మొదట్లో తూర్పు నుంచి రొయ్యల కాలం వచ్చింది. సముద్రం ఒడ్డు ఊళ్ళలో కయ్యలు గుంటలయ్యాయి. మా బంధువుల్లో కొందరు రామతీర్థం పక్క గుంటలు తవ్వించారు. ఏడాది తిరిగేసరికి కొత్త మోటారు సైకిళ్ళు, కొత్త మిద్దెలు. ఆ తర్వాత తెల్లమచ్చ తెగులు వచ్చింది. 1994, 95లో తెల్లారేసరికి గుంటలకు గుంటలే చచ్చిపోయాయి. మంచినీళ్ళ బావులు ఉప్పెక్కాయన్న గోడు వేరే. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల గుంటల మీద కట్టడి విధించింది. వరి నష్టం వస్తే ఒక పంట పోతుంది, మళ్ళీ నాటుకోవచ్చు. రొయ్య నష్టం వస్తే నేలే పోయినట్టయింది. నాయన తన కయ్యలు తవ్వనివ్వలేదు. అప్పట్లో అది పిరికితనమన్నవాళ్ళు, తర్వాత ఆయన దగ్గరకే వడ్లు బదులుకు వచ్చారు. ఆయన ఒక్క మాట అనకుండా కొలిచి ఇచ్చాడు.

తర్వాతి కాలం అందరికీ తెలిసిందే. పెద్దరోడ్డు నాలుగు వరుసలైంది. రాచర్లపాడు, రేగడిచెలిక పక్క ఇఫ్కో కిసాన్ సెజ్ కోసం 2,700 ఎకరాలకు పైగా భూమి పోయింది. గాలిమరల రెక్కలు తయారుచేసే కర్మాగారం వచ్చింది. పిల్లలు నెల్లూరు బళ్ళకు పసుపు బస్సుల్లో పోతున్నారు. ఆస్పత్రికి, అంగడికి, సినిమాకు, చివరికి పెళ్ళి మంటపానికీ నెల్లూరే. దూరం తగ్గేకొద్దీ ఊళ్ళో సాయంత్రాలు పలచబడుతున్నాయి.

2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలుకట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. మద్రాసు, కలకత్తాల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. ఊళ్ళో ఉన్న చెల్లెలు ఫోన్లో చెప్పింది: “లారీలోళ్ళంతా రోడ్డు మీదే చిక్కుకోని ఉండారన్నా. మనోళ్ళు అన్నం వండి మోసుకోని పోతుండారు.” ఆ మాట విన్నాక నాకొక నిబ్బరం కలిగింది. నెల్లూరుకు దారి తెగినా మా వైపు పొయ్యి ఆరలేదు.

పట్నం పక్కన ఉన్నంత మాత్రాన ఊరు దానికి తోక కానవసరం లేదు. నెల్లూరు మాకు చదువు, వైద్యం, ఉద్యోగం ఇచ్చింది. మేం దానికి బియ్యం, పాలు, మనుషులను ఇచ్చాం. ఇచ్చిపుచ్చుకోవడం సమానంగా ఉన్నన్నాళ్ళూ రెండూ బాగున్నాయి. ఆ సమానత నిలవాలంటే ఊరికి తనవంటూ కొన్ని మిగలాలి. ఏటా పూడిక తీసిన కాలవ ఉండాలి. మంచి పంతుళ్ళున్న సర్కారు బడి ఉండాలి. సాయంత్రం నలుగురు కూర్చునే చోటు ఉండాలి. సంగం దగ్గర 2022లో కొత్త బ్యారేజి వచ్చింది, పైన నీళ్ళకు లోటు తగ్గింది. కొస కయ్య దాకా ఆ నీళ్ళు చేరవేసే పని మాత్రం ఇంకా ఊరి మనుషులదే. కొడవలూరులో పుట్టి బయట బతుకుతున్న మాబోటివాళ్ళం పండక్కి వచ్చిపోవడంతో సరిపెట్టుకోకూడదు. మన బడికి పుస్తకాలు పంపాలి, కాలవ పనికి చందా ఇవ్వాలి. ఊరు వెళ్ళినప్పుడు మన పిల్లలను కయ్య గట్టు మీద నడిపించి, ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎవరి వంతు తర్వాత ఎవరి వంతో చెప్పాలి. పక్కవాడి వంతు గుర్తుపెట్టుకోవడం మా ఊరు నాకు నేర్పిన చదువు. దాన్ని నా పిల్లలకు అందించే బాధ్యత నాదే.